పుట్టింది గ్లాస్గో, పెరిగింది విన్నిపెగ్



హాకీ అనగానే మన ఇళ్ళలో అందరికీ గుర్తొచ్చే పేరు ధ్యాన్‌చంద్. మస్కట్‌లో ఉన్న మనకైతే ఇంకో పేరు కూడా గుర్తుండాలి. 2024 జనవరిలో ఇక్కడే, మన ఊళ్ళోనే, హాకీ ఫైవ్స్ ప్రపంచ కప్ జరిగింది. భారత మహిళల జట్టుకు కెప్టెన్ ఎవరో తెలుసా పిల్లలూ? ఉమ్మడి చిత్తూరు జిల్లా అమ్మాయి, గోల్‌కీపర్ ఇతిమరపు రజని. ఫైనల్లో నెదర్లాండ్స్ చేతిలో 7-2తో ఓడిపోయారనుకోండి, అయినా రెండో స్థానం మనదే.

ఈసారి మన శీర్షికలో చెప్పబోయేది కూడా ఒక గోల్‌కీపర్ కథే. కాకపోతే ఈ హాకీ గడ్డి మీద ఆడేది కాదు, ఐస్ మీద ఆడేది. నలభై అయిదు డిగ్రీల ఎండలో కూర్చుని ఐస్ హాకీ గురించి చదవడం ఏమిటి అని నవ్వుకోకండి. మన గల్ఫ్‌కీ ఈ ఆటకీ అనుకున్నంత దూరం లేదు. భారత ఐస్ హాకీ జట్టు మొట్టమొదటి అంతర్జాతీయ టోర్నమెంట్ ఆడింది హిమాలయాల్లో కాదు, 2009లో అబుదాబిలో! ఆ ఆసియా ఛాలెంజ్ కప్ గెలిచింది కూడా ఎడారి దేశమైన యు.ఎ.ఇ.నే. ఒమన్ సైతం 2014లో ప్రపంచ ఐస్ హాకీ సమాఖ్యలో సభ్యత్వం తీసుకుంది. ఖురమ్‌లోని ఐస్ రింక్‌లో స్కేట్లు కట్టుకుని, గోడ పట్టుకుని, పడుతూ లేస్తూ నేర్చుకున్న మన తెలుగు పిల్లలు తక్కువేం కాదు.

అసలు ఎండతో గొడవ మనకే కాదు, ఈ ఆట పుట్టి పెరిగిన చలి దేశాలవాళ్ళకీ ఉండేది. 1930లో ఫ్రాన్స్‌లోని షామోనీలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ పెట్టారు. అంతకుముందు ఒలింపిక్స్‌లో భాగంగా జరిగే ఈ పోటీని విడిగా నిర్వహించడం అదే మొదలు. 12 దేశాలు వచ్చాయి, ఆసియా నుంచి జపాన్ వచ్చింది. ఆల్ప్స్ కొండల మధ్య ఊరు, శీతాకాలం, ఇంకేం కావాలి అనుకున్నారు. తీరా పోటీలు మొదలయ్యాక వాతావరణం వేడెక్కి ఐస్ కరిగిపోవడం మొదలెట్టింది! పెళ్ళి సగంలో ఉండగా వర్షం వస్తే పందిరి మార్చినట్టు, మిగిలిన ఆటల్ని వియన్నాకి, బెర్లిన్‌కి మార్చారు. బెర్లిన్‌లో యంత్రాలతో తయారు చేసిన ఐస్ ఉంది కాబట్టి ఫైనల్ అక్కడ జరిగింది. కెనడా 6-1తో జర్మనీని ఓడించింది. కెనడా అప్పట్లో ఎంత గట్టి జట్టంటే, మిగతా 11 దేశాలూ కొట్టుకుని ఒకరు మిగిలాక, ఆ మిగిలినవాళ్ళతో మాత్రమే ఆడింది. నేరుగా ఫైనల్‌కే రావడం!

యంత్రాలతో ఐస్ ఎలా చేస్తారు అంటారా? కాంక్రీటు లోపల గొట్టాలు పరుస్తారు. వాటిలో ఉప్పునీరు లాంటి, సున్నా డిగ్రీల కన్నా కిందకి పోయినా గడ్డకట్టని ద్రవాన్ని తిప్పుతారు. పైన పలచగా నీళ్ళు చల్లుతూ పొర మీద పొర గడ్డకట్టిస్తారు. లాగేసిన వేడిని బయటికి వదులుతారు. మన ఇంటి ఏసీ వెనకాల నిలబడితే ఆ వేడి ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా, అదే సూత్రం.

సరే, గోల్‌కీపర్ దగ్గరికి వద్దాం.

జిమ్మీ ఫాస్టర్ 1905లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో పుట్టాడు. చిన్నతనంలోనే అమ్మానాన్నలతో కెనడాలోని విన్నిపెగ్‌కి వెళ్ళాడు. అప్పట్లో బ్రిటన్ నుంచి కెనడాకి వెళ్ళిన కుటుంబాలు లక్షల్లో ఉన్నాయి. మనవాళ్ళు గల్ఫ్‌కి ఎందుకొచ్చారో వాళ్ళూ అందుకే వెళ్ళారు. నాలుగు రూపాయలు సంపాదించుకుని నిలదొక్కుకుందామని. విన్నిపెగ్‌లో చలికాలం ఎలా ఉంటుందో అక్కడ ప్రాజెక్టులు చేసిన మన ఐటీ మిత్రులని అడగండి, కథలు కథలుగా చెబుతారు. అలాంటి ఊళ్ళో పెరిగిన కుర్రాడికి హాకీ నడకతో పాటే వస్తుంది. ఫాస్టర్ గోల్‌కీపర్ అయ్యాడు. ఆ రోజుల్లో గోల్‌కీపర్లకి ముఖానికి మాస్కు కూడా ఉండేది కాదు. రబ్బరు బిళ్ళ, దాన్నే పక్ అంటారు, రాయిలా గట్టిగా ఉంటుంది. అది దూసుకొస్తుంటే ఒట్టి ముఖంతో నిలబడాలి. తల్లులు చదువుతున్నారు కాబట్టి ఇంతకన్నా వర్ణించను.

మాంక్టన్ హాక్స్ అనే జట్టుకి ఫాస్టర్ ఆడుతుండగా, 1933, 1934 రెండేళ్ళూ ఆ జట్టు కెనడా అమెచ్యూర్ ఛాంపియన్ అయింది. కోచ్ పేరు పెర్సీ నిక్లిన్. అవి ప్రపంచమంతా మాంద్యంలో ఉన్న రోజులు, పని దొరకడం గగనం. అదే సమయంలో ఇంగ్లండ్‌లో కొత్త ఐస్ రింకులు వెలిశాయి, లీగ్ మొదలైంది, జనం ఎగబడి చూస్తున్నారు. నిక్లిన్ ఇంగ్లండ్ వెళ్ళాడు, 1935లో ఫాస్టరూ వెళ్ళి రిచ్‌మండ్ హాక్స్‌లో చేరాడు. అంటే తండ్రి బతుకుతెరువు కోసం సముద్రం దాటి అటు వెళితే, కొడుకు అదే బతుకుతెరువు కోసం ఇటు తిరిగొచ్చాడు.

ఫాస్టర్ ఒక్కడే కాదు. లండన్ వెస్ట్ హామ్‌లో పుట్టిన అలెక్స్ ఆర్చర్ కూడా విన్నిపెగ్‌లోనే పెరిగాడు. కెంట్ ప్రాంతంలో పుట్టిన ఎడ్గర్ బ్రెంచ్‌లీ నయాగరా ఫాల్స్ ఊళ్ళో పెరిగాడు. యార్క్‌షైర్‌లో పుట్టిన ఆర్చీ స్టించ్‌కోంబ్‌ది కూడా ఇదే కథ. అతనికి ఒక కన్ను కనిపించేది కాదు, అయినా ఆడేవాడు. నా వృత్తి ధర్మం ప్రకారం చెప్పాలంటే, డేటాబేస్‌లో 'పుట్టిన ఊరు' అనే కాలమ్ ఒకటి, 'ఆట నేర్చుకున్న ఊరు' అనే కాలమ్ ఒకటి పెట్టి చూస్తే ఆ బ్రిటన్ జట్టులో ఎక్కువమందికి రెండూ కలవవు.

ఈ జట్టే 1936 ఫిబ్రవరిలో జర్మనీలోని గార్మిష్‌లో జరిగిన శీతాకాల ఒలింపిక్స్‌కి వెళ్ళింది. ఒలింపిక్ హాకీనే ఆ ఏటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ కూడా. కెప్టెన్ కార్ల్ ఎర్హార్ట్‌కి అక్కడుండగానే 39 ఏళ్ళు నిండాయి. ఈ వయసులో మనం శుక్రవారం క్రికెట్‌కి రమ్మంటేనే మోకాలు చూపిస్తాం!

ఆటలు మొదలు కాకముందే గొడవ మొదలైంది. ఫాస్టర్, ఆర్చర్ ఇద్దరూ తమ అనుమతి లేకుండా ఇంగ్లండ్ వెళ్ళిపోయారని కెనడా హాకీ సంఘం అభ్యంతరం చెప్పింది. మన భాషలో చెప్పాలంటే ఎన్‌ఓసీ లేకుండా స్పాన్సర్ మారడం అన్నమాట! ఎన్‌ఓసీ అన్న మాటకి పాతకాపులు ఎలా ఉలిక్కిపడతారో ఒమన్‌లో ఉన్న మనకి వేరే చెప్పక్కర్లేదు. అంతర్జాతీయ సమాఖ్య కూడా కెనడా వైపే మొగ్గింది. చివరికి కెనడావాళ్ళే ఈ ఒలింపిక్స్ వరకు పట్టుబట్టం అని ఒప్పుకోవడంతో ఇద్దరూ ఆడగలిగారు. ఒప్పుకున్నందుకు తర్వాత ఎంత బాధపడి ఉంటారో చూడండి.

1920 నుంచి ఒలింపిక్ హాకీలో బంగారు పతకం కెనడా తప్ప ఎవరూ ఎరగరు. ఫిబ్రవరి 11న బ్రిటన్, కెనడా తలపడ్డాయి. మొదటి నిమిషంలోనే జెర్రీ డేవీ బ్రిటన్‌కి గోల్ కొట్టాడు. కెనడా సమం చేసింది. తర్వాత ఫాస్టర్ ముందు కెనడావాళ్ళ ఆటలు సాగలేదు. మూడో పీరియడ్‌లో బ్రెంచ్‌లీ రెండో గోల్ వేశాడు. 2-1. నయాగరాలో నేర్చుకున్న దెబ్బని విన్నిపెగ్‌లో నేర్చుకున్న అడ్డుకోవడం కాపాడింది. ఓడింది మాత్రం కెనడా!

తర్వాత ఇంకో చిక్కు. రెండో దశలో ఒకసారి ఆడినవాళ్ళు చివరి దశలో మళ్ళీ ఆడనక్కర్లేదు, పాత ఫలితమే లెక్కలోకి వస్తుంది అన్నారు. బ్రిటన్‌తో మళ్ళీ ఆడి చూపిస్తాం అనుకున్న కెనడావాళ్ళు మండిపడ్డారు. నిబంధన ఆట మొదలయ్యే ముందే అందరికీ ఒకేలా అర్థమయ్యేట్టు చెప్పి ఉండాల్సింది. ఆ మాటకొస్తే సగం సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో తగాదాలన్నీ ఇలాంటివే. కానీ ఓడాక గుర్తొచ్చిన అభ్యంతరానికి బలం తక్కువ. చివరి దశలో బ్రిటన్ చెకోస్లొవేకియాని 5-0తో ఓడించి, అమెరికాతో మూడు అదనపు పీరియడ్లు ఆడి కూడా 0-0తో ముగించింది. చివరి రోజు కెనడా 1-0తో అమెరికాని ఓడించడంతో బ్రిటన్‌కి స్వర్ణం, కెనడాకి రజతం, అమెరికాకి కాంస్యం ఖాయమయ్యాయి. ఏడు మ్యాచుల్లో ఫాస్టర్ వదిలిన గోల్స్ ఎన్నో తెలుసా? మూడు. నాలుగు మ్యాచుల్లో ఒక్కటి కూడా వదల్లేదు.

ఈ కథ చెబుతుంటే మా మిత్రుడి అబ్బాయి, ఇక్కడే పుట్టి పదో క్లాసు చదువుతున్నవాడు, అడిగాడు. "అంకుల్, మరి గెలిచింది ఇంగ్లండా, కెనడానా?"

"నువ్వేమంటావు నాన్నా?" అన్నాను.

"కెనడానే అంకుల్. ఆట నేర్పింది వాళ్ళు కదా. ఇంగ్లండ్‌లో ఊరికే పుట్టారంతే." కాసేపాగి, "అలా అయితే నేను ఒమనీనా?" అన్నాడు.

నా దగ్గర రెడీమేడ్ జవాబు లేదు. ఇక్కడ పుట్టినంత మాత్రాన ఇక్కడి పౌరసత్వం రాదు. పాస్‌పోర్టు మీద మూడు సింహాలే ఉంటాయి. వేసవిలో ఊరెళితే తాతగారి వీధిలో "దుబాయి పిల్లాడొచ్చాడు" అంటారు. మస్కట్ అని ఎన్నిసార్లు చెప్పినా మా ఊళ్ళో గల్ఫ్ మొత్తానికీ దుబాయే! పన్నెండో క్లాసు అవగానే ఏ దేశంలో ఏ కాలేజీయో. అప్పుడు వాడు ఏ జట్టుకి ఆడాలి, ఏ జట్టుకి ఈల వేయాలి అనేది మనం చెప్పేది కాదు. పెద్దలకి నాదొక్కటే మనవి. "నువ్వు ఎక్కడివాడివి?" అని పిల్లల్ని పరీక్షలో ప్రశ్నలా అడక్కండి. ఫాస్టర్‌ని అడిగితే ఏం చెప్పేవాడు? గ్లాస్గోలో పుట్టిన కాగితం ఉండబట్టి బ్రిటన్ జట్టులో చోటొచ్చింది, విన్నిపెగ్ చలి ఉండబట్టి గోల్ ముందు నిలబడగలిగాడు. ఏ ఒక్కటి తీసేసినా ఆ పతకం లేదు. అందుకే ఆ అబ్బాయి తీర్పుతో నేను సగమే ఏకీభవిస్తాను.

అదే టోర్నమెంట్‌లో దీనికి పూర్తిగా ఎదురు కథ ఒకటుంది. రూడీ బాల్ జర్మనీలో పుట్టి, జర్మనీలోనే ఆట నేర్చుకుని, 1932 ఒలింపిక్స్‌లో జర్మనీకి కాంస్యం తెచ్చినవాడు. రెండు కాలమ్‌లూ చక్కగా కలుస్తాయి. కానీ యూదు కుటుంబం వాడు. హిట్లర్ వచ్చాక 1933లో దేశం వదలాల్సి వచ్చింది. 1936లో జట్టుకి అవసరమై వెనక్కి పిలిచారు. తన కుటుంబాన్ని దేశం దాటనిస్తేనే ఆడతానని ఒప్పందం చేసుకున్నాడని చెబుతారు. యుద్ధం అయ్యాక దక్షిణాఫ్రికా వెళ్ళి అక్కడే స్థిరపడ్డాడు.

అదే 1936 ఆగస్టులో, అదే జర్మనీలో, ధ్యాన్‌చంద్ జట్టు ఫైనల్లో 8-1తో జర్మనీని ఓడించింది. ఒకే ఏడాది, ఒకే దేశం, రెండు హాకీలు. మన హాకీలోనూ ఇలాంటి కుటుంబాలున్నాయి. జబల్‌పూర్‌లో పుట్టిన పియర్స్ అన్నదమ్ములు అయిదుగురు తర్వాత ఆస్ట్రేలియా తరఫున ఆడారు. వాళ్ళని మనవాళ్ళు అనుకోవడానికి నాకేం మొహమాటం లేదు, ఆస్ట్రేలియావాళ్ళు కూడా ఏమీ అనుకోరు.

ఇంతకీ ఆ బ్రిటన్ ఆటగాళ్ళు తర్వాత ఏమయ్యారు అంటారా? ఫాస్టర్ కెనడా తిరిగి వెళ్ళిపోయాడు, 1969లో విన్నిపెగ్‌లోనే కన్నుమూశాడు. అదే విన్నిపెగ్‌లో పెరిగిన ఆర్చర్ మాత్రం బ్రిటన్‌లోనే ఉండిపోయి, కోచ్‌గా పనిచేసి, 1997లో ఎడిన్‌బరోలో పోయాడు. ఇక ఆ జట్టులోనే ఉన్న గోర్డన్ డేలీ పుట్టింది కూడా విన్నిపెగ్‌లోనే. అతను కెనడా వెళ్ళి, సైన్యంలో కల్నల్ అయ్యి, 1969లో ఒంటారియోలో ఆఫ్రికన్ లయన్ సఫారీ అనే పార్కు పెట్టాడు. కార్లో కూర్చుని అద్దాలెత్తుకుని సింహాల మధ్య తిరగొచ్చు. టొరంటోలో బంధువులున్నవాళ్ళు ఈ వేసవిలో పిల్లల్ని తీసుకెళ్ళండి, కొలంబో ఫ్లైట్ టికెట్ల సంగతి నన్నడక్కుండా ఉంటే చాలు.