పెట్రోలు బంకు పొరుగున నున్న బావి

బావినీటి మంచిచెడ్డలు తెలిసికొనుటకు మన పెద్దలు కొన్ని పరీక్షలు చేసెడివారు. నీరు కంటికి తేటగా నుండవలెను, ముక్కునకు వాసన తగులరాదు, నాలుకకు రుచింపవలెను, అందు వేసిన పప్పు మెత్తగా నుడుకవలెను. ఇవి యన్నియు మేలైన పరీక్షలే. కాని నేడు వీథివీథిని వెలసియున్న పెట్రోలు బంకుల పొరుగుబావుల విషయమున నివి చాలవు. ఏల చాలవో, మఱేమి చేయవలెనో యీ మాసము సోదరీమణులకు మనవి చేయుచున్నాము.

బంకులో మనకు గానవచ్చునది పంపు మాత్రమే. సరకంతయు భూమిలో పాతిన ట్యాంకులలో నుండును. ఇనుము తేమకు త్రుప్పుపట్టును. గొట్టముల యతుకులు సడలును. లారీనుండి ట్యాంకులోనికి నింపునపుడు కొంత యొలుకును. దినమునకు చెంబెడు కారినను పైనున్నవారికి తెలియదు. కారిన పెట్రోలు మట్టిసందులగుండ దిగి, భూగర్భజలమును చేరి, నీటికంటె తేలికయగుటచే దానిపై మీగడవలె తేలును. అందలి కొన్ని పదార్థములు నీట గరగి, నీరు సాగిన దిక్కునకే తామును సాగును.

వీనిలో ముఖ్యముగా భయపడదగినది బెంజీను. ఇది చిరకాలము శరీరమున జేరినచో రక్తమునకు సంబంధించిన క్యాన్సరు గలుగవచ్చునని వైద్యశాస్త్రము నిర్ణయించినది. త్రాగునీటిలో నిది లీటరునకు 10 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టినది. అంతకు ఎన్నో రెట్లు హెచ్చినగాని ముక్కు దానిని పసికట్టజాలదు. కావున పెట్రోలు వాసనగల నీరు చెడ్డదని నిశ్చయముగా జెప్పవచ్చును గాని, వాసన లేనంతమాత్రమున నీరు మంచిదని చెప్పజాలము.

ఒక పట్టణమున జరిగినదానిని వినుడు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున సముద్రతీరమందు సాంటా మోనికా యను పట్టణము కలదు. వాహనముల పొగ తగ్గింపవలెనని ఆ దేశమువారు పెట్రోలులో ఎం.టి.బి.ఇ. యను పదార్థమును గలుపుచుండిరి. ఇది మట్టిని పట్టుకొని నిలువదు. నీట సులభముగా గరగి బెంజీనుకంటె దూరము పోవును. చుట్టుపట్ల నున్న బంకుల ట్యాంకులనుండి కారిన యీ పదార్థము ఆ పట్టణపు బావులలో లీటరునకు 610 మైక్రోగ్రాములవఱకు కనబడెను. 1996లో ఆ బావులను మూసివేయవలసి వచ్చెను. పట్టణమునకు గావలసిన నీటిలో సుమారు సగము పోయెను. బయటినుండి నీరు కొనవలసినవారైరి. ఆ నీటిని శుద్ధిచేయు కర్మాగారము 2011లో గాని పనికి రాలేదు. పదునైదేండ్లు! గాలిని బాగుచేయ గలిపినది నీటిని చెఱచినది. 2004 మొదలు ఆ రాష్ట్రమువారు దానిని పెట్రోలులో గలుపుట నిషేధించిరి.

ఇట్టి కారుడును కనిపెట్టువారు మొదట చూచునది నేలను గాదు, లెక్కపుస్తకమును. ఉదయమున నున్న నిల్వ, వచ్చిన సరకు, అమ్మిన సరకు సరిపోవలెను. దినదినము కొంత తఱుగుచున్నచో అనుమానింపవలెను. పిమ్మట ట్యాంకుచుట్టును భూమిని తొలిచి, లోతులవారీగా మట్టిని తీసి పరీక్షింతురు. అటుపై సన్నని పరిశీలనబావులు, తక్కువలో తక్కువ మూడు, త్రవ్వుదురు. మూడుచోట్ల నీటిమట్టము గొలిచినగాని నీరు ఏ దిక్కునకు బోవుచున్నదో తేలదు. నీరు వచ్చు వైపునను ఒక బావి యుండవలెను. అందును దోషము గనబడినచో వేఱొకచోటినుండియు వచ్చుచున్నదని యర్థము. నమూనాను చిన్న గాజుసీసాలో గాలిబుడగైన లేకుండ నిండుగా బట్టి, మంచులో నుంచి పంపుదురు. మూతలేని కర్పూరము హరించినట్లు, యీ పదార్థములును ఎగిరిపోవును గదా! వానలకు నీటిమట్టము మాఱును గనుక ఒక్కమాఱు పరీక్షతో పని ముగియదు.

ఇక మన వంతు. తెల్లవాఱి తోడిన మొదటి బిందెలో పెట్రోలు వాసన తగిలినను, నీటిపై రంగురంగుల పొర తేలినను ఉపేక్షింపరాదు. ఆ పొరను పుల్లతో గదపి చూడుడు. ఇనుపనీటి పొర పెళ్లలుగా విఱిగి విడిపోవును. నూనెపొర మరల గలిసికొనును. అనుమానము గలిగిన నీటిని త్రాగుటకును వంటకును స్నానమునకును వాడవలదు. కాచినచో మంచిదగునని తలపవలదు. ఆ యావిరి వంటయింట నిండి ఊపిరితో లోనికి బోవును. పటికయు, వడపోత గుడ్డయు దీనిని తీయజాలవు. బావిగట్టున దీపము, అగ్గిపుల్ల వెలిగింపరాదు.

పిమ్మట పురపాలక కార్యాలయమునకును, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికిని వ్రాతమూలముగా దెలుపుడు. వాసన మొదట ఏ తేదీన తగిలినదో, వానకు హెచ్చినదో తగ్గినదో వ్రాసి యుంచుడు. పరీక్షలో బెంజీను, టాల్యీను, ఇథైల్ బెంజీను, జైలీను చూడవలెనని పేర్లతో గోరుడు. ఉప్పును, ఫ్లోరైడును, క్రిములను చూచు సామాన్యపరీక్ష వీనిని పట్టదు.

మన దేశమున 2020 జనవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలివారు, క్రొత్త బంకులు నివాసప్రాంతములకును, పాఠశాలలకును, పది పడకలు మొదలుకొని యుండు ఆసుపత్రులకును 50 మీటర్ల దూరమున నుండవలెననియు, వీలుకానిచోట అదనపు రక్షణలతోనైనను 30 మీటర్లకు దగ్గఱగా నుండరాదనియు నిబంధించిరి. ఈ నియమము మంచిదే. కాని నేలలోని నీరు మన కొలబద్దకు లోబడి నడచునది కాదు. పాతబంకులును ఎన్నియో కలవు. ఇంటిల్లిపాదికి నీరందించు చేయి గృహిణిదే గనుక, మొదట అడుగవలసిన నోరును ఆమెదే.