పాల డబ్బాతో పడుగూ పేకా

పిల్లలూ! తన్లిన్‌లో మే నుంచి అక్టోబరు దాకా వానలే కదా. ఆ రోజుల్లో గడప దాటలేని అమ్మమ్మకో, తాతయ్యకో ఈ పని అప్పగించండి. మీరు సాయం మాత్రమే!

కావలసినవి: లీటరు పాల టెట్రా ప్యాక్‌లు 2, కత్తెర, స్కేలు, బట్టల క్లిప్పులు.

చేసే విధానం: ప్యాక్‌ల పైభాగం, అడుగుభాగం కత్తిరించి, నిలువుగా కోసి పరచండి. సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టండి, లేకపోతే చీమలు పడతాయి. 2 సెం.మీ. వెడల్పున, అడ్డంగా 12 పొడవాటి పట్టీలు కత్తిరించండి. 6 పట్టీలు నిలువుగా పక్కపక్కనే పేర్చి క్లిప్పులు పెట్టండి. మిగతా 6 అడ్డంగా, ఒకదాని పైనుంచి, ఒకదాని కిందనుంచి దూర్చండి. చివర పైనున్న కొసలు వెనక్కి, కిందున్నవి ముందుకు మడిచి అల్లికలో దోపండి.

జిగురు లేదు గనక తొందర లేదు. వేళ్ళు నొప్పెడితే మర్నాడు సాగించవచ్చు. టీ గ్లాసు కింద వేసుకోండి. పొయ్యి మీంచి దించిన గిన్నెలు మాత్రం పెట్టకండి.

నిలువు పట్టీలు పడుగు, అడ్డం పట్టీలు పేక. ఈ మాటలు మీ బళ్ళో వినపడవు. తాటాకు బుట్టలు ఎలా అల్లేవారో పెద్దవాళ్ళని అడిగి, తెలుగులోనే చెప్పించుకోండి. వెనకవైపు వాళ్ళ పేరు, తారీఖు వాళ్ళ చేతే తెలుగులో రాయించడం మరవకండి!