ఆటగాళ్ల నిద్రకు దాంపత్యం శత్రువా?

నేను జిల్లా ఆసుపత్రిలో పనిచేస్తున్న రోజుల్లో ఇరవై ఆరేళ్ల కబడ్డీ ఆటగాడు ఒకడు ఓపీకి వచ్చి నిద్రమాత్రలు రాసిమ్మని అడిగాడు. పోటీలకు ఇక పది రోజులే ఉన్నాయి. పెళ్లయి ఇంకా ఏడాది కాలేదు. శిక్షకుని ఆదేశం మేరకు నెల రోజుల ముందే భార్యను పుట్టింటికి పంపించివేశాడు. నాటి నుంచి రాత్రి ఒంటిగంట దాటితే గాని కన్ను మూతపడటం లేదు. మధ్యలో రెండుసార్లు నిద్రలో స్ఖలనం జరిగిందట. ఉన్న బలం కాస్తా దానితో పోయిందన్న దిగులు తోడైంది. పరీక్షించి చూస్తే శరీరంలో ఏ లోపమూ లేదు.

పాఠకులారా, ఆ యువకుని నమ్మకం అతడొక్కడిదే కాదు. ప్రాచీన గ్రీకు దేశంలో ఇక్కస్ అనే క్రీడాకారుడు శిక్షణకాలమంతా స్త్రీ సాంగత్యానికి దూరంగా ఉండేవాడని ప్లేటో తన 'లాస్' గ్రంథంలో ప్రస్తావించాడు. మన తాలింఖానాలలో ఆంజనేయుని పటం ముందు కసరత్తు చేసే మల్లులకు బ్రహ్మచర్యమే మొదటి నియమం. సప్తధాతువులలో శుక్రం చివరిది, అన్నింటి సారమూ అదేనన్న ఆయుర్వేద భావన జనంలోకి వచ్చేసరికి, నలభై రక్తపు బొట్లకు ఒక వీర్యపు బొట్టు అన్న లెక్కగా మారింది. వాస్తవానికి ఒకసారి వెలువడే వీర్యం రెండు నుంచి అయిదు మిల్లీలీటర్లు. అందులో అధికభాగం నీరే. ఆ నష్టాన్ని శరీరం లెక్కలోకి కూడా తీసుకోదు. కానీ భయం మాత్రం నిజమైన జబ్బే. వీర్యనష్టమన్న దిగులుతో నీరసం, నిద్రలేమి తెచ్చుకునే స్థితికి 'ధాతు సిండ్రోమ్' అని 1960లో పేరు పెట్టినది మన దేశపు మానసిక వైద్యుడు డాక్టర్ ఎన్.ఎన్. విగ్.

శ్రమ సంగతి చూద్దాం. కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు 2013లో యువ దంపతులకు చేతిపట్టీ యంత్రాలు కట్టి కొలిచారు. ఒక కలయికలో పురుషుడు ఖర్చు చేసేది సగటున నూరు కేలరీలు, స్త్రీ డెబ్బయికి కాస్త తక్కువ. రోజుకు మూడు గంటలు సాధన చేసే ఆటగాడికి ఇది ఏపాటి? 2000లో పదిహేను మంది ఉన్నతస్థాయి క్రీడాకారులపై జరిగిన పరిశీలనలో, కలయిక జరిగిన రెండు గంటలకే కఠిన వ్యాయామం చేయించినప్పుడు గుండె వేగం తిరిగి నెమ్మదించడంలో కొంత జాప్యం కనిపించింది. పది గంటల తర్వాత ఆ తేడా లేదు. కనుక పోటీ రోజు ఉదయం వద్దనడంలో అర్థముంది. ముందురాత్రిని నిషేధించడానికి ఆధారం లేదు.

ఇక నిద్ర. భావప్రాప్తి అనంతరం ప్రొలాక్టిన్, ఆక్సిటోసిన్ అనే హార్మోనులు పెరుగుతాయి. శరీరం సడలుతుంది, మనస్సు కుదుటపడుతుంది. 2019లో ఆస్ట్రేలియా పరిశోధకులు 778 మంది వయోజనులను ప్రశ్నించినప్పుడు, భాగస్వామితో తృప్తికరమైన కలయిక తరువాత త్వరగా, మెరుగ్గా నిద్రపట్టిందనే అధికులు చెప్పారు. 2023లో వెలువడిన మరొక అధ్యయనంలో రెండు వారాలపాటు దినచర్య రాయించారు. అక్కడా భాగస్వామితో భావప్రాప్తి కలిగిన రాత్రులలోనే నిద్ర మెరుగైనట్టు తేలింది. అయితే ఇవన్నీ మనుషులు చెప్పుకున్న మాటలు. 1985లో పది మందికి తలపై తీగలు అమర్చి ప్రయోగశాలలో చూసినప్పుడు హస్తప్రయోగం వల్ల నిద్రలో చెప్పుకోదగిన మార్పేదీ కనిపించలేదు. పైగా ఆ మూడింటిలో ఏదీ ప్రత్యేకించి క్రీడాకారులపై చేసినది కాదు.

అందుచేత 'శృంగారమే నిద్రకు దివ్యౌషధం' అని యూట్యూబులో ఊదరగొట్టేవారిని కూడా నేను సమర్థించను. ఆ మాట పట్టుకుని, రేపు నాకు మ్యాచ్ ఉంది, నిద్రపట్టాలి అని అలసిపోయిన భార్యను బలవంతపెట్టే మగవాడు తయారవుతాడు. భార్య నిద్రమాత్ర కాదు. ఇష్టంలేని కలయిక ఆమె నిద్రను చెడగొడుతుంది. ఆమె కూడా క్రీడాకారిణే కావచ్చునన్న ఊహే మన శిక్షకులలో చాలామందికి రాదు. ఈ చర్చంతా ఎప్పుడూ మగవాడి వీర్యం చుట్టూనే తిరుగుతుంది!

నిద్ర లేకపోతే ఏమి పోతుందో మాత్రం స్పష్టంగా తెలుసు. పది మంది ఆరోగ్యవంతులైన యువకులను వారం రోజులు రాత్రికి అయిదు గంటలే నిద్రపోనిస్తే, పగటివేళ వారి టెస్టోస్టెరాన్ పది నుంచి పదిహేను శాతం పడిపోయిందని 2011లో చికాగో పరిశోధకులు చూపారు. పురుషత్వం కాపాడుకోవాలని బ్రహ్మచర్యం పట్టి, ఆ బెంగతో నిద్ర పోగొట్టుకునేవాడు ఏది కాపాడుకుంటున్నాడు? అదే సంవత్సరం స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు పదకొండు మంది కొన్ని వారాలపాటు రాత్రికి పది గంటలు పడకపై గడిపితే, వారి పరుగు వేగమూ ఫ్రీ త్రోల గురీ మెరుగుపడ్డాయి.

శిక్షకులకు నా మనవి ఒకటే. పెళ్లయిన ఆటగాళ్ల పడకగదికి కాపలా కాయడం మాని, వారి చేతిలోని ఫోనుకు, రాత్రి తొమ్మిదింటికి తాగే కాఫీకి, పదింటి దాకా ఫ్లడ్‌లైట్ల కింద సాగే సాధనకు కాపలా కాయండి. మద్యానికి మరీను. అర్ధరాత్రి దాకా తిరిగి పరాయి సాంగత్యం వెతుక్కునేవాడిని చెడగొట్టేది ఆ సాంగత్యం కన్నా ఆ తిరుగుడే. ఇంకొక మాట. మునుపు బాగానే ఉండి, సాధన పెరిగాక కోరిక పూర్తిగా అణగిపోయి, నిద్ర కూడా చెడితే అది నిగ్రహబలం అనుకోకండి. తిండి చాలక, విశ్రాంతి చాలక శరీరం మొరపెట్టుకుంటున్నదేమో వైద్యునికి చూపించండి. ఆడపిల్లలలో నెలసరి తప్పడం కూడా ఇటువంటి సూచనే కావచ్చు.

ఆ కబడ్డీ అబ్బాయికి నేను నిద్రమాత్ర రాయలేదు. మరునాటి మగత వాడిని మైదానంలో పడేస్తుంది. బలం ఎక్కడికీ పోలేదని అరగంట కూర్చోబెట్టి చెప్పి, ఆ అమ్మాయికి ఇష్టమైతే తీసుకురమ్మన్నాను. వారం గడవకముందే ఇద్దరూ కలిసి వచ్చారు. నిద్ర బాగా పడుతోందండీ అన్నాడు. అది ఆమె రాకవల్లనో, దిగులు తీరినందువల్లనో నేను అడగలేదు. ఆమె మాత్రం, ఇంకోసారి పంపించేస్తే నేను రానండీ అని నవ్వుతూనే గట్టిగా చెప్పింది.