జేబులో చాకుంటే నేరమెట్లయితది?

మామిడికాయ కోసుకోవడానికి, కరెంటు వైరు ఒలవడానికి, పార్సిలు తాడు తెంపడానికి జేబులో పెట్టుకునే మడత చాకు పనిముట్టా, ఆయుధమా? ఈ ప్రశ్నకు జవాబు తెలియక నలిగేది కూలీ, మెకానిక్, హాస్టల్ విద్యార్థి. పెద్దల కార్లను ఎవరూ ఆపి వెతకరు కదా!

ముందు చట్టం ఏమంటున్నదో చూద్దాం. 1959 ఆయుధాల చట్టం ప్రకారం దాడికో, ఆత్మరక్షణకో తయారుచేసిన వస్తువే ఆయుధం. కేవలం ఇంటి పనికి, వ్యవసాయానికి తయారైనది ఆయుధం కాదు. కాబట్టి కొడవలి, కూరగాయల కత్తి ఆయుధాలు కావు. 2016 నాటి నియమాలు కొలతలు కూడా పెట్టాయి. బ్లేడు 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న కత్తులను ఐదో కేటగిరీలో చేర్చాయి. పైగా, ఇలాంటి ఆయుధం దగ్గర పెట్టుకోవడానికి లైసెన్సు కావాలంటే సెక్షన్ 4 కింద ఆ ప్రాంతానికి ప్రత్యేక నోటిఫికేషన్ ఉండాలి.

ఢిల్లీలో అలాంటి నోటిఫికేషన్ 1980 అక్టోబర్ 29న వచ్చింది. స్ప్రింగు, బటన్, గరారీతో తెరుచుకునే చాకుకు 7.62 సెంటీమీటర్లు, ఆపైన పొడవు, 1.72 సెంటీమీటర్లు, ఆపైన వెడల్పు ఉంటే అది ఆంక్షల కిందికి వస్తుంది. 7.62 సెంటీమీటర్లంటే సరిగ్గా మూడంగుళాలు! సెక్షన్ 25 కింద నేరం రుజువైతే జైలు. కోచింగ్ కోసం, ఇంటర్వ్యూల కోసం ఢిల్లీ రైలెక్కే మన పిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

హైదరాబాద్ సంగతి వేరే. ఇక్కడ 1348 ఫసలీ నాటి సిటీ పోలీస్ చట్టం కింద కమిషనర్లు అప్పుడప్పుడు నిషేధాజ్ఞలు ఇస్తుంటారు. వాటిలో తుపాకులు, కత్తులతో పాటు కట్టెలు కూడా ఉంటాయి. నిజాం పోయినా నిజాం నాటి అధికారం పోలేదు.

కత్తిపోట్లు జరుగుతుంటే చూస్తూ ఊరుకోవాలా అని కొందరు అడుగుతారు. ఊరుకోమని ఎవరన్నారు? పొడిచినవాణ్ని, బెదిరించినవాణ్ని శిక్షించడానికి వేరే సెక్షన్లున్నాయి, గట్టిగా వాడండి. కానీ గోటితో తెరిచే చాకు పనిముట్టు, అంతే పొడవున్న బటన్ చాకు జైలుకు తొవ్వ అన్నప్పుడు, ఆ తేడా సామాన్యుడికి ముందే తెలియాలి. తెలియని గీత దాటాడని శిక్షించడం న్యాయం అనిపించుకోదు.

అందుకే అడుగుతున్నాం. చాకు పట్టుకుంటే దాని కొలత, తెరుచుకునే తీరు, దొరికిన సందర్భం పంచనామాలో రాయాలి. నిషేధాజ్ఞ ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకో తెలుగులో, ఉర్దూలో అచ్చేసి ఠాణాల ముందు, బస్టాండ్లలో అతికించాలి. చట్టం తెలియకపోవడం సాకు కాదని కోర్టులు అంటాయి. మరి చట్టాన్ని జనానికి తెలిసే భాషలో చెప్పకపోవడానికి సర్కారు దగ్గరున్న సాకేంది?