పేరు వాల్వుది... ప్రాణం కండెన్సర్‌ది!

వాల్వు ఆంప్లిఫయర్ అనగానే అందరి చూపూ ఎర్రగా వెలిగే ఆ గాజుబుడ్ల మీదే. పోస్టరు మీద హీరో బొమ్మలాగన్నమాట! కాని పాత ఆంప్లిఫయర్ గొంతు బొంగురుపోయిందంటే చాలాసార్లు దోషం హీరోది కాదు. కింద ఛాసిస్ పొట్టలో, ఎవరి కంటా పడకుండా పనిచేసే కండెన్సర్లది. పుస్తకాల్లో వాటిని కెపాసిటర్లంటారు. మెకానిక్కుల నోట మాత్రం కండెన్సరే. మనమూ అలాగే పిలుద్దాం.

రికార్డుల మోజు మళ్లీ మొదలయ్యాక అటకల మీది ఆంప్లిఫయర్లు ఒక్కొక్కటే కిందికి దిగుతున్నాయి. దిగీ దిగగానే కుర్రాళ్లు ప్లగ్గు పెట్టేస్తున్నారు. అసలు ప్రమాదం అక్కడే!

తెనాలి దగ్గర మా మేనమామకి ఒకప్పుడు మైకుసెట్టు వుండేది. శ్రీరామనవమి పందిరికైనా, పెళ్లికైనా ఆయన వేసే ఘంటసాల, సుశీల పాటలతోనే వూరు లేచేదట. మొన్నామధ్య ఆ ఆంప్లిఫయర్ నా చేతిలో పెట్టి, "పాతసామానువాడికి వేసేద్దామంటోంది మీ అత్తయ్య. నువ్వేమంటావు అల్లుడూ?" అన్నాడు. విప్పి చూశాను. అవుట్‌పుట్‌కి రెండు ఇ.ఎల్.84లు, ముందు ఒక ఇ.ఎఫ్.86, ఒక ఇ.సి.సి.83, ఏ.సి.ని డి.సి. చేయడానికి ఒక ఇ.జెడ్.81. ముల్లార్డ్ కంపెనీ 1950లలో ప్రచురించిన 'ఫైవ్-టెన్' సర్క్యూట్‌కి సొంత తమ్ముడే! ఐదు వాల్వులు, పది వాట్లు... అందుకే దానికాపేరు. ఇందులో వాల్వులు పోతే మళ్లీ దొరుకుతాయి. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిందా, అంతటిది ఇంకోటి తేవడం మహా కష్టం. దాన్ని కాపాడేది, కాల్చేది కూడా చిటికెనవేలంత కండెన్సరే.

ఎలాగంటారా? ముందు వాల్వు ప్లేటు మీద వంద, రెండొందల వోల్టుల డి.సి. వుంటుంది. పాట దాంతో కలిసి వస్తుంది. పాటని లోపలికి వదిలి డి.సి.ని గుమ్మం దగ్గరే ఆపేయాలి. కప్లింగ్ కండెన్సర్ పని అదే, హాలు ముందు గేట్‌కీపర్ పనన్నమాట. పాతవాటిలో వున్నది మైనం పట్టించిన కాగితం. ఏళ్లు గడిచేకొద్దీ తేమ పీల్చి డి.సి.ని కూడా కొద్దికొద్దిగా వదులుతుంది. 10 మైక్రో ఆంపియర్లు లీకయితే చాలు, 470 కిలో ఓముల గ్రిడ్ రెసిస్టర్ మీద 4.7 వోల్టులు తేలతాయి. ఇ.ఎల్.84 గ్రిడ్డు, ప్లేటు మీద 250 వోల్టులున్నప్పుడు, సుమారు 7 వోల్టులు మైనస్‌లో వుండాల్సిన ప్రాణి! కొంత తనే సర్దుకుంటుంది గాని, కరెంటు పెరిగి ప్లేటు కాగుతుంది. ఆ తర్వాతి వంతు ట్రాన్స్‌ఫార్మర్‌ది.

కొత్తది ఎలాంటిది వేయాలి? అదే విలువ, 630 వోల్టుల పాలీప్రొపిలీన్. పాలియెస్టర్ దొరికినా ఫరవాలేదు. ఒక్కొక్కటి వేలల్లో పలికే సోకు కండెన్సర్లున్నాయి. గొంతు మారిపోతుందని అమ్మేవాళ్లు ప్రమాణాలు చేస్తారు. లీకు లేకపోవడమే నాకు ముఖ్యం. ఆ పని మామూలు పాలీప్రొపిలీన్ నిక్షేపంగా చేస్తుంది. ఇక "వాడని పాత స్టాకు" అంటూ అమ్మే కాగితం కండెన్సర్ల జోలికి అసలే పోకండి. బీరువాలో వున్నంత మాత్రాన తేమ పట్టదా?

విలువ పెంచితే బాస్ పెరుగుతుందనుకుని 0.1 మైక్రో ఫారడ్ తీసి 0.47 వేసేవాళ్లూ వున్నారు. 0.1 తోనే ఆ సర్క్యూట్ సెకనుకి మూడు, నాలుగు కంపనాల దాకా దిగుతుంది. మన చెవికి హద్దు ఇరవై. పెంచితే వచ్చేది బాస్ కాదు, వంకరపోయిన రికార్డు వూపు!

అన్నట్టు, మైకా కండెన్సర్లనీ, చిన్న సెరామిక్‌లనీ కదిలించకండి. సాధారణంగా అవి బాగానే వుంటాయి.

ఇప్పుడు పెద్దవి, ఎలక్ట్రోలిటిక్‌లు. ఇవి లోపల ఎండిపోతే పాట వెనకాల 'బొంయ్' మని మోత. మన కరెంటు సెకనుకి 50 సార్లు తిరిగేది కాబట్టి ఆ మోత 100 మీద వినిపిస్తుంది. మావయ్య సెట్టులోది 50+50 మైక్రో ఫారడ్‌ల జంట డబ్బా. ఈరోజుల్లో 47 సులువుగా దొరుకుతుంది, అది చాలు. మోత బొత్తిగా పోవాలని 220 పెట్టారో, మొదట బలయ్యేది ఇ.జెడ్.81. దాని వెనక మొదటి కండెన్సర్ 50 దాటకూడదని తయారుచేసినవాళ్లే చెప్పారు.

వోల్టేజి దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చేది 300 వోల్టుల ఏ.సి. దాని శిఖరం 424. అవుట్‌పుట్ వాల్వులు కరెంటు లాగకపోతే డి.సి. అక్కడిదాకా ఎక్కి కూర్చుంటుంది. పల్లెలో అర్ధరాత్రి 230 బదులు 250 వచ్చిందనుకోండి, అది 461! డబ్బా మీద 450 అని వుంటే ఏం లాభం? అందుకే 500 వోల్టులవి, 105 డిగ్రీల వేడికి తట్టుకునేవి తెచ్చాను. ప్లస్, మైనస్ తారుమారైతే పేలతాయి, జాగ్రత్త.

హైదరాబాదులో కోఠీ గుజరాతీ గల్లీ, మద్రాసులో రిచీ స్ట్రీట్ వీటికి పేరుపడ్డ చోట్లు. కొనేటప్పుడు కెపాసిటెన్స్ మీటరు పెట్టి చూపించమనండి. పెద్ద డబ్బాలో చిన్నది దాచి, పైన పెద్ద విలువ అచ్చేసిన 'డూప్' సరుకు కూడా చలామణీలో వుంటుంది మరి!

చెయ్యి పెట్టేముందు ఒక్క మాట. స్విచ్చి ఆపినా ఇవి వందల వోల్టులు పట్టుకునే వుంటాయి. 10 కిలో ఓముల, 5 వాట్ల రెసిస్టరుతో దించి, మీటరు సున్నా చూపాకే ముట్టుకోవాలి. మొదటిసారి కరెంటిచ్చేటప్పుడు వరసలో 60 వాట్ల ఫిలమెంట్ బల్బు కట్టండి. లోపల షార్టుంటే బల్బు భగ్గుమంటుంది, సెట్టు బతుకుతుంది.

ఇంకొకటుంది. మెయిన్స్ వైరు నుంచి ఛాసిస్‌కి కట్టిన బుల్లి కాగితం కండెన్సర్. అది షార్టయితే ఛాసిస్ మొత్తం కరెంటే, దాంతోపాటు మైకు ఇనప గొట్టం కూడా! అక్కడ మామూలు 630 వోల్టులది వేయకండి. ఒంటి మీద 'వై2' అని ముద్రవున్నదే వేయాలి. వేశాక మూడు పిన్నుల ప్లగ్గు బిగించి, ఛాసిస్‌ని ఎర్తుకి కట్టేయండి. పందిట్లో ఆ మైకు పట్టుకునేది ఏ పసివాడో!