తక్కువ తినమనే ముందు కంచం చూడండి

ముదలియార్‌పేటలో తెల్లవారకముందే వీధులు ఊడవడం మొదలుపెట్టిన ఆడవాళ్లు టీ కొట్టు దగ్గర ఆగేసరికి ఎండెక్కుతుంది. చక్కెర దండిగా వేసిన టీ, ఒక వడ, లేదంటే ఒక బన్ను. చవకగా, నిలబడి, పది నిమిషాల్లో తినగలిగేది అదే. వాళ్లలో నాకు తెలిసిన చాలామందికి షుగరో, బీపీయో, మోకాళ్ల నొప్పులో ఉన్నాయి. డాక్టరు దగ్గరికి వెళ్తే వినిపించే సలహా ఒక్కటే: బరువు తగ్గాలమ్మా, అన్నం తగ్గించు.

ఆ సలహా అబద్ధం కాదు. కానీ సగం సలహా. అన్నం తగ్గించిన చోట ఏం పెట్టుకోవాలి, అది ఎక్కడి నుంచి వస్తుంది అనే మిగతా సగం ఎవరూ చెప్పరు. 2025 ఫిబ్రవరి 23న ప్రధాని మన్ కీ బాత్‌లో ఊబకాయం గురించి మాట్లాడి, వంటనూనె 10 శాతం తగ్గించమన్నారు. నూనె ప్యాకెట్ చిన్నది కొనుక్కునేవాళ్లకూ, ఐదు లీటర్ల డబ్బా కొనేవాళ్లకూ ఒకటే పాఠం. పోర్షన్ కంట్రోల్ అనే మాట ఇంత మర్యాదగా వినిపించడానికి కారణం, అది కంచం ముందు కూర్చున్న మనిషిని మాత్రమే నిందిస్తుంది. కంచాన్ని నింపినవాళ్ల జోలికి పోదు.

వాళ్ల లెక్కతోనే చూద్దాం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. 2000 కేలరీల కంచంలో రోజుకు ధాన్యం 250 గ్రాములు, పప్పు లేదా గుడ్డు, మాంసం కలిపి 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు ఉండాలంది. మంచి కంచమే. నెలకు లెక్కవేస్తే ఒక్క మనిషికి రెండున్నర కిలోల పప్పు, 12 కిలోల కూరగాయలు, 3 కిలోల పండ్లు, 9 లీటర్ల పాలు. మరి ఆహార భద్రతా చట్టం ఇచ్చేదెంత? మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం, అంటే రోజుకు 166 గ్రాములు. ధాన్యం గడిలో మూడింట రెండు వంతులు నిండింది. మిగతా గడులన్నీ సున్నా. కడుపు నింపేది ఒక్క బియ్యమే అయినప్పుడు అన్నం తగ్గించడమంటే ఆకలితో లేవడమే.

ఇది తప్పనిసరి గతి కాదు. ముదలియార్‌పేట మీదుగా పోయే కడలూరు రోడ్డు పట్టుకుని కొన్ని కిలోమీటర్లు వెళ్తే తమిళనాడు వస్తుంది. అక్కడ 2007లో మొదలైన పథకం కింద రేషన్ కార్డుకు కిలో కందిపప్పు 30 రూపాయలకు, లీటరు పామాయిలు 25 రూపాయలకు ఇస్తున్నారు. ఇవతల పుదుచ్చేరిలో 2015 సెప్టెంబరులో బియ్యానికి బదులు ఖాతాలో డబ్బులు వేసే పద్ధతి తెచ్చారు. ఏళ్ల తరబడి రేషన్ దుకాణాలు మూతపడ్డాయి. 2024 దీపావళికి ముందు మళ్లీ తెరిచినప్పుడు ప్రకటించిన కానుక 10 కిలోల బియ్యం, 2 కిలోల చక్కెర. సర్కారు బియ్యమూ చక్కెరా చేతిలో పెడుతుంది, డాక్టరు ఆ రెండే తినొద్దంటాడు. ఆ రెండు మాటల మధ్య నలిగేది వాడల్లోని ఆడమనిషి ఒళ్లు.

ఆ ఒళ్లు ఎలా ఉందో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అధిక బరువు ఉన్న మహిళలు దేశంలో సగటున 24 శాతమైతే పుదుచ్చేరిలో 46 శాతం. అదే పుదుచ్చేరిలో సగానికి పైగా మహిళలకు రక్తహీనత. బరువు ఎక్కువ, రక్తం తక్కువ. ఇది అతిగా తిన్న ఒళ్లు కాదు, ఒకే రకం తిండితో సరిపెట్టుకున్న ఒళ్లు. పైగా ఈ కథ తల్లి కడుపులోనే మొదలవుతుంది. పుణె పరిశోధకుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం చూపించింది ఇదే: మన దగ్గర తక్కువ బరువుతో పుట్టే బిడ్డల్లో కండ తక్కువ, కొవ్వు పాలు ఎక్కువ. చాలీచాలని తిండి తిన్న తల్లి బిడ్డకు రేపటి షుగరు ముప్పు పుట్టుకతోనే వస్తుంది. తరాల తరబడి అరకడుపుతో బతికిన కులాలకు సంకల్పబలం గురించి ఉపన్యాసం ఇవ్వడం శాస్త్రం కాదు, అహంకారం.

మరి మాంసకృత్తులు చవకగా దొరికే దారులేవి? గుడ్డు, ఎండుచేప, పెద్దమాంసం. సరిగ్గా వాటికే అడ్డుపడతారు. 2021లో కర్ణాటకలో బడిపిల్లలకు గుడ్డు పెడతామంటే కొందరు మఠాధిపతులు వీధికెక్కారు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో బీఫ్ ఫెస్టివల్ జరిపితే దాడులు చేశారు. 85 గ్రాముల లెక్క గట్టిన పోషకాహార సంస్థ ఆ యూనివర్సిటీ పక్కనే ఉంది. శాస్త్రం మాంసం తినొచ్చంటుంది, కులం మాత్రం ఏ మాంసమని అడుగుతుంది.

ఇక మనవాళ్లతోనూ ఒక పేచీ ఉంది. బరువు, డైట్ అనేవి జిమ్ముకు పోయే సవర్ణుల బాధలని, మన సమస్య ఆకలేనని మన సెమినార్లలో తేలిగ్గా కొట్టిపారేస్తున్నాం. షుగరుతో కాలివేళ్లు తీయించుకున్న మేనత్తలు, నలభై దాటకుండానే గుండెపోటుతో పోయిన బాబాయిలు మన ఇళ్లలోనూ ఉన్నారు. బాబాసాహెబ్ కూడా చివరి ఏళ్లలో షుగరుతో నలిగిపోయారు. ఏం తినాలి, ఎంత తినాలి అనే జ్ఞానం సవర్ణులకు వదిలేయాల్సిన ఆస్తి కాదు.

నిజానికి ఎంత తినాలన్నది మన ఉద్యమానికి కొత్త ప్రశ్న కాదు. 1927 మార్చిలో మహద్‌లో అంబేడ్కర్ చచ్చిన గొడ్డు మాంసం మానమన్నారు, ఊరి వాళ్లు పారేసిన ఎంగిలి మెతుకులు ముట్టొద్దన్నారు. మన కంచంలో ఏముండాలో ఇంకొకరి మిగులు నిర్ణయించకూడదన్నదే ఆ మాట. దాన్ని ఆచరణలో పెట్టినవాళ్లు మన తెలుగు నేల మీదే ఉన్నారు. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయల కిలో బియ్యం ఆకలి తీర్చింది, కానీ జొన్న, రాగి, కొర్రలను కంచం నుంచి పక్కకు నెట్టింది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా డీడీఎస్ సంఘాల దళిత మహిళలు 1990లలో బీడు భూములు సాగుచేసి, జొన్నలతో తమ సొంత రేషన్ నడిపారు. ఏం పండాలో, ఎవరికి ఎంత అందాలో వాళ్లే కూర్చుని తేల్చుకున్నారు. నాకు తెలిసిన గొప్ప పోర్షన్ కంట్రోల్ అది.

మహద్ పిలుపు ఇంకా చేరని చోటు ఒకటుంది, మన వంటిల్లు. మగవాళ్లు, పిల్లలు తిన్నాక చివర్న కూర్చునే అమ్మకు మిగిలేది గిన్నె అడుగు అన్నం, పచ్చడి. గుడ్లు మూడే ఉంటే నాలుగో మనిషి ఆమే. పప్పు అయిపోయిన చోటును అన్నంతో పూడ్చుకుంటుంది, ఆ అన్నమే ఆమె ఒంట్లో బరువవుతుంది. ఊరి ఎంగిలి మానేశాం, ఇంటి మిగులు మాత్రం ఆమెకే వదిలాం. బరువు తగ్గమని అమ్మకు చెప్పే ముందు ఆమెను మనతోపాటు కూర్చోబెట్టి, గుడ్డునూ పప్పునూ సమంగా పంచాలి. దీనికి ఏ జీవో అక్కర్లేదు.

జీవోలు కావాల్సినవి వేరే ఉన్నాయి. పుదుచ్చేరి రేషన్‌లో బియ్యంతోపాటు పప్పు, నూనె, చిరుధాన్యాలు ఇవ్వాలి. ఎస్సీ హాస్టళ్ల మెస్ ఛార్జీలు ఆ 85 గ్రాముల లెక్కకు సరిపోవాలి. బడిలో గుడ్డును మఠాల ఇష్టాయిష్టాలకు వదలకూడదు. పారిశుధ్య కార్మికులకు పనివేళల్లోనే కూర్చుని తినడానికి సమయం, టిఫిన్ ఇవ్వాలి. 8 గంటల పని అడిగినందుకు 1936 జూలై 30న ఫ్రెంచి పోలీసుల తూటాలకు 12 మంది మిల్లు కార్మికులు పడిపోయిన ఊరిది. తిండికి అరగంట అడగడం ఇక్కడ పెద్ద కోరిక కాదు.

ఇవన్నీ ఇచ్చాక అన్నం తగ్గించమని చెప్పండి, తగ్గిస్తాం. అప్పటిదాకా మా కంచంలో ఎక్కువైంది ఏమిటో కాదు, లేనిది ఏమిటో రాసివ్వండి.