పుండు పేరు తెలియకుండా పూత ఎందుకు?

ముఖానికీ తలకూ రక్తప్రసరణ ఎక్కువ. తల పగిలితే నెత్తురు ధార కట్టేదీ, కుట్లు వేస్తే వారం పది రోజుల్లో అతుక్కునేదీ అందుకే. అంత తొందరగా మానే చోట పుండు నెల దాటినా పచ్చిగానే ఉందంటే దాని వెనుక వేరే కారణం ఉన్నట్టే. మన దగ్గర మాత్రం కారణం వెతకరు, మందు మారుస్తారు. సూర్యాపేటైనా, కోదాడైనా, మిర్యాలగూడైనా మొదట పసుపు, తర్వాత మందుల షాపు ట్యూబు, ఆపైన ఆర్‌ఎంపీ సూది. ఈ వరుసలో పరీక్షకు చోటే లేదు. పైగా ఆ ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. అది ఎరుపునూ దురదనూ అణచి, మానుతోందన్న భ్రమ కలిగిస్తుంది. లోపలి జబ్బు తన పని తాను చేసుకుపోతుంది.

కారణాలు ఒకదానికొకటి పోలికే లేనివి. బడిపిల్లల తలపై మెత్తగా ఉబ్బి చీముకారే గడ్డ చాలాసార్లు శిలీంధ్రం పని. దాన్ని సెగగడ్డ అనుకుని కోస్తే లాభం లేదు. కావలసింది కొన్ని వారాలపాటు నోటి మాత్రలు. ఆలస్యమైతే అక్కడ మళ్లీ వెంట్రుక మొలవకపోవచ్చు. వెంట్రుక, పొట్టు గీకి సూక్ష్మదర్శినిలో చూస్తే ఇది తేలుతుంది. నడివయసులో తలపై పచ్చిపుండ్లతోపాటు నోట్లోనూ పుళ్లుంటే పెంఫిగస్ అనే చర్మవ్యాధిని అనుమానించాలి. అదుపులేని షుగర్, చర్మక్షయ, లోపల మిగిలిపోయిన గాజుముక్క, గోకుడు అలవాటు కూడా పుండును మాననివ్వవు. అన్నిటికన్నా భయపడాల్సింది పాత కాలిన మచ్చ మీద ఏళ్ల తర్వాత లేచే పుండుకు. అది క్యాన్సర్ కావచ్చు.

నల్లచర్మానికి చర్మక్యాన్సర్ రాదుగా అంటారు. తక్కువన్నది నిజం, రాదన్నది అబద్ధం. పైగా మనవాళ్లలో ఒక రకం నల్లగా ఉండి పుట్టుమచ్చలానో, ఎండిన చెక్కులానో కనిపిస్తుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. పరీక్ష కోసం పుండు నుంచి ముక్క తీస్తే (బయాప్సీ) జబ్బు పాకుతుందన్న భయం ఇంకా గట్టిది. చర్మపు పుండు నుంచి ముక్క తీసి చూడటం వల్ల క్యాన్సర్ ముదరదు. ముదిరేది నెలల తరబడి చూడకుండా వదిలేసినందుకే. ప్రతి చిన్న గాయానికీ బయాప్సీ కావాలని కాదు. చాలామందికి షుగర్ పరీక్ష, గీకుడు పరీక్ష చాలు. వాటితో తేలనప్పుడే ముక్క.

ఇక ఆ ముక్క పరీక్షకు హైదరాబాద్ దాకా ఎవరు పోతారన్న మాట. కూలి మానుకుని వెళ్లాల్సిన మనిషికి అది న్యాయమైన అభ్యంతరమే. కానీ ప్రయాణించాల్సింది రోగి కాదు, ఫార్మలిన్ సీసాలోని చిన్న ముక్క. సూర్యాపేట, నల్లగొండల్లో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి, వాటిలో పెథాలజీ విభాగాలున్నాయి. తెలంగాణ డయాగ్నస్టిక్స్ కింద పీహెచ్‌సీల నుంచి రక్తం నమూనాలు జిల్లా కేంద్రానికి వెళ్తూనే ఉన్నాయి. కోదాడ, మిర్యాలగూడ ఆసుపత్రుల్లో తీసిన చర్మపు ముక్కలు కూడా అలాగే కళాశాలలకు చేరి, ఫలితం రోగి ఊరికే తిరిగొచ్చేలా రెండు జిల్లాల వైద్యాధికారులు ఏర్పాటు చేయాలి. అప్పటిదాకా, తల మీద పుండు నెల దాటినవారు మరో ట్యూబు కొనకుండా ప్రభుత్వాసుపత్రి చర్మవైద్యుడికి చూపించుకోవాలి.